సెక్యూరిటీలో పీహెచ్‌డీ అంటే గేటు ముందు కూర్చునే ఉద్యోగమా?

పాఠకుల ప్రశ్నలకు నేను జవాబులు రాసే ఈ శీర్షికలో పోయిన నెల మాటవరసకి, నేను ముప్పై ఏళ్లకు పైగా పొలిటికల్ సైన్స్ చెప్పాననీ, అందులో సగం సెక్యూరిటీ స్టడీసేననీ రాశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు.

ప్ర: సార్, మా అబ్బాయి ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేశాడు, నెట్ కూడా వచ్చింది. ఇప్పుడు సెక్యూరిటీ స్టడీస్‌లో పీహెచ్‌డీ అంటున్నాడు. మా ఆడపడుచు విని "ఇంత చదివి సెక్యూరిటీ ఏంది వదినా, ఏ అపార్ట్‌మెంట్ ముందట కూసుంటడా" అని పదిమందిలో నవ్వింది. అసలేం చదువండీ ఇది? తిండి పెడుతుందా? — ఒక తల్లి, మిర్యాలగూడ

జ: అమ్మా, మీ ఆడపడుచు మాట పట్టించుకోకండి. మాది పెద్దవూర దగ్గర ఊరు. నాకు పీహెచ్‌డీ వచ్చిందని తెలిసి మా నాయన దోస్తు ఒకాయన పొద్దున్నే ఇంటికొచ్చి, "సాగర్ డ్యామ్ మీద సెక్యూరిటీల మా పిల్లగాన్ని పెట్టియ్యరాదే" అని అడిగాడు. నాకక్కడ ఎవరూ తెలియదంటే నమ్మలేదు. ఆయన పోయేదాకా, అంటే ఇంకో పదేళ్లు, నేను కావాలనే సాయం చేయలేదని అనుకుంటూనే ఉన్నాడు.

ఇది ఏం చదువో మీకు బోర్లతో చెప్తాను, మిర్యాలగూడలో కాలువ కింద ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువగానీ పైన దేవరకొండ వైపు అందరికీ తెలిసిందే. ఒకాయన మూడొందల అడుగులు బోరు వేస్తాడు, తన చేను ఎండకూడదని, అంతే, ఎవరి మీదా కోపంతో కాదు. పక్క రైతు బోరులో నీళ్లు తగ్గుతాయి, ఆయన భయపడి అప్పు తెచ్చి ఐదొందలు వేస్తాడు, అది చూసి మొదటాయన ఎనిమిదొందలు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ తమ క్షేమమే చూసుకున్నారు, చివరికి ఇద్దరి చేలూ ఎండాయి. దేశాలు ఆయుధాలు పోగేసుకునే పద్ధతి కూడా అచ్చం ఇదే. 1950లో జాన్ హెర్జ్ అనే పండితుడు దీనికి 'సెక్యూరిటీ డైలమా' అని పేరు పెట్టాడు. యుద్ధాలు ఎందుకొస్తాయి, ఎందుకు ఆగుతాయి, అణుబాంబు ఉన్న దేశాలు ఎలా ఆలోచిస్తాయి, సరిహద్దులు, ఉగ్రవాదం, ఒప్పందాలు, నీళ్లు, ఇవన్నీ కాగితాల ఆధారంతో తేల్చుకోవడమే మీ అబ్బాయి చేయబోయే పని. తుపాకీ ముట్టుకోడు. నేనైతే ఎన్‌సీసీలో కూడా లేను.

ఇక తిండి సంగతి. నెట్ (లెక్చరర్ కావడానికి రాసే జాతీయ అర్హత పరీక్ష) వచ్చిందన్నారుగానీ, దాంతోపాటు జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్, వచ్చిందా, ఒట్టి అర్హతేనా రాయలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది. జేఆర్‌ఎఫ్ అయితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, దాంతో ఇంటికి బరువు కాకుండా చదువుకోవచ్చు. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, రూల్ ప్రకారం ఆరేళ్లలోపు ముగించాలి. అది అయ్యాక రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ వస్తే బేసిక్ 57,700తో మొదలవుతుంది. ఆ 'వస్తే' అన్న మాట దగ్గరే అసలు టెన్షనంతా. మన రాష్ట్రంలో యూనివర్సిటీ పోస్టులు ఏళ్ల తరబడి నింపరు, ఈలోగా కాంట్రాక్టు అనీ పార్ట్‌టైమ్ అనీ జుట్టు నెరిసిపోతుంది. అందుకని మీ అబ్బాయితో ఒకటి చెప్పండి, పీహెచ్‌డీ సెక్యూరిటీలో చేసినా, భారత రాజ్యాంగం, రాజకీయ సిద్ధాంతం పాఠాలు చెప్పగలిగేలా ఉండాలి. డిగ్రీ కాలేజీలో వారానికి పదహారు పీరియడ్లు చెప్పాల్సింది అవే. అణు సిద్ధాంతం ఎవరూ చెప్పమనరు.

ప్ర: నమస్తే సార్. నేను డిగ్రీ సెకండియర్, ఇంటర్ దాకా తెలుగు మీడియం. మీరు నల్లగొండలో తెలుగు మీడియంలో చదివి ఈ సబ్జెక్టులోకి ఎట్లా పోయారు? ఇంగ్లిష్ భయం ఎప్పుడు పోయింది? — ఒక విద్యార్థిని, వనపర్తి

జ: ఇంకా పోలేదు బిడ్డా. సెమినార్‌లో ఇంగ్లిష్‌లో పేపర్ చదవాలంటే ఇప్పటికీ ముందురోజు రాత్రి గదిలో పైకి చదువుకుంటాను.

నేను నల్లగొండ నాగార్జున కాలేజీలో డిగ్రీ చేసి 1982లో ఉస్మానియాకి వెళ్లాను. అక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లిషే, మొదట్లో ఒక పేజీకి గంట పట్టేది. 'డిటరెన్స్' అన్న మాట దగ్గర వారం రోజులు ఆగిపోయాను, నిఘంటువు చూస్తే 'నిరోధం' అని ఉంది, అది చదివాక ఇంకా అయోమయం. తర్వాత సెలవులకు ఊరికొచ్చినప్పుడు మా చేను గట్టు మీద కూర్చుంటే అర్థమైంది. పక్కవాళ్ల పశువులు చేలో పడకుండా ముళ్లకంప వేయడం ఒక పద్ధతి. కంప వేయకుండా, "మళ్లీ పడితే బందెలదొడ్డికి తోలుతా" అని చెప్పి ఊరుకోవడం ఇంకో పద్ధతి. రెండోది, అదే డిటరెన్స్, పనిచేయాలంటే నువ్వు నిజంగా తోలేమనిషివని వాళ్లు నమ్మాలి. ఒకసారి తోలకుండా వదిలేశావా, ఇక ఆ బెదిరింపుకు విలువ లేదు. డిటరెన్స్ మీద రాసిన పుస్తకాల్లో సగం గొడవ ఈ నమ్మకం గురించే. కాబట్టి నీకు తెలుగులో అర్థమైన సంగతిని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లు, ఇంగ్లిష్ ముక్కల్ని బట్టీపట్టకు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఊరినుంచి వచ్చినవాళ్లం సిటీ పిల్లలకంటే ముందున్నామని నా అనుభవం.

తర్వాత లెక్చరర్‌గా చేరి ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి, 1996లో పీహెచ్‌డీకని మూడేళ్ల సెలవు మీద ఢిల్లీ వెళ్లాను. ఆ ఏడే సీటీబీటీ, అదే అణుపరీక్షలు పూర్తిగా నిషేధించే ఒప్పందం, దాని మీద సంతకం పెట్టేది లేదని మనదేశం చెప్పింది, ఎక్కడ చూసినా ఆ చర్చే. నా అంశం ఏమిటంటే, 1974 మే 18న పోఖ్రాన్‌లో ఒకసారి పేల్చి చూపించిన దేశం ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా చేతులు కట్టుకుని ఎందుకు కూర్చుంది అని. రెండేళ్లు లైబ్రరీలోనే గడిపి నాలుగు చాప్టర్లు రాశాను. నాలుగో చాప్టర్‌లో, ఆంక్షల భయం, ఆర్థిక పరిస్థితి కలిసి మనవాళ్లను దగ్గర్లో పరీక్షకు పోనివ్వవని పెద్ద పండితుడిలా తేల్చేశాను. ఆ చాప్టర్ టైపింగ్‌కి ఇచ్చింది 1998 మే మొదటివారంలో. మే 11 మధ్యాహ్నం మూడు ముప్పావుకి పోఖ్రాన్‌లో మూడు పేలాయి, 13న ఇంకో రెండు. సాయంత్రం మెస్‌లో అందరూ స్వీట్లు పంచుకుంటుంటే నేనొక్కణ్నే ఏడుపు మొహంతో కూర్చున్నాను. అది శాంతివాదం అనుకుని ఒకాయన నాకు గంటసేపు దేశభక్తి పాఠం చెప్పాడు. నా బాధల్లా టైపింగ్‌కి పేజీకి ఆరు రూపాయలు ఇచ్చానని.

మా గైడ్ మాత్రం నవ్వేసి, "మంచిదే, ఇప్పుడు నీ థీసిస్ చరిత్ర అయింది, జోస్యం చెప్పే పని తప్పింది" అన్నారు. ఏడాదిన్నర ఆలస్యమైంది. కానీ నాలుగో చాప్టర్‌ని చింపేయలేదు, నేను ఎందుకు తప్పానో అందులోనే రాశాను. వైవాలో, అంటే థీసిస్ మీద పెట్టే నోటి పరీక్షలో, మెచ్చుకున్నది ఆ ఒక్క చాప్టర్‌నే.

ఇంకో సంగతి. అంశం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం మన హైదరాబాద్ సంగతి మీద ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది, సెప్టెంబర్ 16న అక్కడ చర్చ మొదలైంది, 17న ఇక్కడ నిజాం లొంగిపోయాడు. ఆ చర్చల రికార్డులన్నీ చదువుకోవడానికి దొరుకుతాయి. వనపర్తి సంస్థానం కూడా నిజాం కిందిదేగా, అక్కణ్నుంచి మొదలుపెట్టు.

ప్ర: గల్వాన్‌లో మా కల్నల్ సంతోష్‌బాబు గారు చనిపోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. అప్పట్నుంచీ చైనా గురించి చదవాలని. ప్రొఫెసర్లకు మిలటరీ రహస్యాలు తెలుస్తాయా? ఎక్కడ చేరాలి? — ఒక విద్యార్థి, సూర్యాపేట

జ: 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణ సంగతి సూర్యాపేటలో ఎవరూ మరిచిపోరు. 16 బిహార్ రెజిమెంట్‌కి ఆయన కమాండింగ్ ఆఫీసర్, ఆయనతో కలిపి ఇరవైమంది పోయారు, తర్వాత ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. అక్కడినుంచి నీకు ఈ ఆలోచన రావడం సహజమే, మంచిదే.

రహస్యాలు మాత్రం తెలియవు తమ్ముడూ. 1962 చైనా యుద్ధంలో ఏం తప్పులు జరిగాయో చెప్పిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు, దాని గురించి చదివినవాళ్లమంతా బయటికి పొక్కిన కొంత భాగంతోనే నెట్టుకొస్తున్నాం. కార్గిల్ మీద కె. సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చిందిగానీ కొన్ని భాగాలు తీసేసి. (ఈ సుబ్రహ్మణ్యం గారు మనదేశంలో ఈ చదువుకు పెద్దదిక్కు లాంటివారు. చదివింది కెమిస్ట్రీ, చేసింది ఐఏఎస్ ఉద్యోగం, పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ కానేకాదు. ఇది మా ప్రొఫెసర్లకు కాస్త చిన్నతనమే.) మరి మేం చేసేదేంటంటే, పార్లమెంటు జవాబులు, బడ్జెట్ పద్దులు, పాత ఒప్పందాలు, జ్ఞాపకాల పుస్తకాలు, ఇప్పుడైతే ఉపగ్రహ చిత్రాలు కూడా, వీటిని పక్కపక్కన పెట్టి చూడటం. ఎవరికీ తెలియనిది కనిపెట్టడం తక్కువ, అందరి ముందూ ఉన్నదాన్ని ఓపిగ్గా చూడటమే ఎక్కువ.

చైనా మీద పనిచేయాలంటే చైనీస్ రావాలి. మనదేశంలో చైనా గురించి మాట్లాడేవాళ్లు లెక్కలేనంతమంది, చైనీస్ పేపర్ చదవగలిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ, ఆ ఖాళీలోనే నీకు చోటుంది. ఢిల్లీలోని జేఎన్‌యూలో చైనీస్ భాషలో డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి, అంతర్జాతీయ సంబంధాలకు అక్కడే వేరే స్కూల్ ఉంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ మంచిది. రక్షణ అధ్యయనాలకే విడిగా మద్రాస్, పుణె యూనివర్సిటీల్లో డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐడీఎస్‌ఏ అనే పరిశోధన సంస్థ ఉంది, ఇప్పుడు దానికి మనోహర్ పారికర్ పేరు పెట్టారు, పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆ లైబ్రరీ పనికొస్తుంది. భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, ఇరవై అయిదేళ్లకు నేర్చుకుందామంటే నాలాగే అవుతుంది. నేను ఉర్దూ చదవడం నేర్చుకుంటానని 1990 నుంచీ అంటున్నాను.

ప్ర: టీవీ డిబేట్లలో మీరెందుకు కనిపించరు? — పాఠకుడు, జడ్చర్ల

జ: ఒకసారి వెళ్లాను. నలభై నిమిషాల్లో నాకు వచ్చింది రెండు నిమిషాలు, అందులో ఒకటిన్నర నిమిషం నా మీద ఇంకొకాయన అరిచాడు. తిరిగొచ్చే బస్సులో కండక్టర్ గుర్తుపట్టి "సార్, యుద్ధం ఎప్పుడు?" అన్నాడు.

ప్ర: 2019లో నల్లమలలో యురేనియం సర్వే వద్దని మేమంతా రోడ్డెక్కినప్పుడు, దేశ భద్రతకు అడ్డం పడుతున్నారని కొందరన్నారు. మీరు భద్రత చదివినవారు కదా, సూటిగా చెప్పండి, మేం చేసింది తప్పా? — ఒక టీచర్, అమ్రాబాద్

జ: తప్పు కాదు. కానీ అవతలివాళ్లది పూర్తిగా డొల్ల మాట అని కూడా నేననను, ఎందుకంటే అందులో ఒక లెక్క ఉంది. 2008లో అణుసరఫరా దేశాల కూటమి మనకు మినహాయింపు ఇచ్చాక కజకిస్తాన్, రష్యా, కెనడాల నుంచి యురేనియం కొనుక్కోగలిగాం, కానీ ఆ సరుకు అంతర్జాతీయ తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి, దాంతో కరెంటే తీయాలి. మన నేలలో తవ్వుకున్నదానికి ఆ కట్టడి లేదు, ప్రభుత్వం దేనికైనా వాడుకోవచ్చు. అందుకే కడప జిల్లా తుమ్మలపల్లె అయినా, మా నల్లగొండ జిల్లాలో లంబాపూర్-పెద్దగట్టు అయినా, మీ అమ్రాబాద్ అయినా ఢిల్లీకి ముద్దు. లంబాపూర్ సంగతి నాకు బాగా గుర్తు, 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, సాగర్ నీళ్ల పక్కనే కదా, మా ఇళ్లలో వేరే మాటే ఉండేది కాదు.

అయితే 1990లలో కోపెన్‌హేగెన్‌లో పనిచేసిన బారీ బుజాన్, ఓలే వేవర్ అనే ఇద్దరు పండితులు చెప్పిన మాట ఒకటుంది, నా మొత్తం సర్వీసులో పిల్లలకు నేను ఎక్కువసార్లు చెప్పింది అదే. ఒక విషయాన్ని 'భద్రత' అని పిలిచిన క్షణం నుంచీ దాని మీద మామూలు వాదన ఆగిపోతుంది. ఖర్చెంత, ఎవరి భూమి పోతుంది, ప్రత్యామ్నాయం ఉందా అని అడిగినవాళ్లు ఒక్కసారిగా దేశానికి అడ్డమైపోతారు. కాబట్టి ఎవరైనా ఆ మాట ఎత్తితే ముందు అడగాల్సింది, ఎవరి భద్రత అని. మీ దగ్గరి చెంచుల నీళ్లు, అడవి ఆ లెక్కలో ఉన్నాయా లేవా? 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది, అంటే మీ ప్రశ్న అక్కడిదాకా చేరిందనేగా.

ఈ మాట ఎట్లా పనిచేస్తుందో కళ్లారా చూడాలంటే 2023 నవంబర్ 29 రాత్రి గుర్తు చేసుకోండి. తెల్లారితే తెలంగాణలో పోలింగ్. ఆ రాత్రి ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికొచ్చి 26 గేట్లలో 13 తమవని మధ్యలో కంచె వేశారు. తర్వాత కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ను దించింది. అప్పటిదాకా అది ఇంజినీర్లు, కృష్ణా బోర్డు, టీఎంసీల లెక్కలు మాట్లాడుకునే వ్యవహారం, ఒక్క రాత్రిలో ముళ్లతీగ వ్యవహారం అయిపోయింది. ఎవరి వాటా లెక్కా ఆ రోజు మారలేదు, మాట మారిందంతే. నాకు అప్పుడు మా నాయన దోస్తే గుర్తొచ్చాడు, ఆయన ఉండుంటే "చూసినవా, సాగర్ మీద సెక్యూరిటీ ఉద్యోగాలు ఎన్నున్నయో" అనేవాడు.

1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక 'మానవ భద్రత' అన్న మాటను ముందుకు తెచ్చింది. దాని వెనకున్న మనిషి మహబూబ్ ఉల్ హక్, పేరులో మన పాలమూరు జిల్లా పేరుంది, మనిషి మాత్రం పాకిస్తాన్ ఆర్థికవేత్త. సరిహద్దు ఒక్కటే కాదు, తిండి, ఆరోగ్యం, ఉపాధి, పర్యావరణం కూడా భద్రతేనని. ఢిల్లీలో ఇది సెమినార్ మాట. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లను చూస్తూ పెరిగినవాడికి మాత్రం ఆ నివేదిక చదువుతుంటే ఎవరో మన ఊరి గురించి రాసినట్టు అనిపించింది. అలాగని దాన్ని గుడ్డిగా ఒప్పుకోలేదు, అన్నీ భద్రతే అంటే ఇక ఆ మాటకు అర్థమేం మిగులుతుందని నేనే ఒక వ్యాసం రాశాను. రెండూ నిజమే, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్ర: నేను గెస్ట్ లెక్చరర్‌ని. నదీజలాల వివాదాల మీద పీహెచ్‌డీ. పేపర్లు అచ్చయితేనే ఇంటర్వ్యూలో మార్కులు. ఒక జర్నల్ వాళ్లు మూడు వేలిస్తే వారంలో వేస్తామంటున్నారు. ఇవ్వమంటారా? — పాఠకుడు, గద్వాల

జ: ఇవ్వొద్దు. వారంలో వేస్తామన్నారంటే ఎవరూ చదవరని అర్థం, మీరు రేపు ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పోయినా ఆ పేపరు మీ వెంటే వస్తుంది. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ పెట్టిన కేర్ లిస్టు ఉన్నన్నాళ్లూ కొంత ఆసరా ఉండేది, 2025లో దాన్ని ఎత్తేశారు, ఇప్పుడు మంచీచెడూ మనమే చూసుకోవాలి. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి పంపండి, ఐడీఎస్‌ఏ వాళ్ల స్ట్రాటజిక్ అనాలిసిస్‌కి పంపండి. తిప్పి పంపుతారు. నా మొదటి వ్యాసం ఏడు నెలల తర్వాత తిరిగొచ్చింది, ఒక రివ్యూయర్ ఇందులో కొత్త లేదన్నారు, ఇంకొకరు కొత్త ఎక్కువైంది ఆధారం లేదన్నారు. రెండో ఆయన మాట పట్టుకుని తిరగరాస్తే వేరేచోట అచ్చయింది.

మీకు అంశం ఇంటిముందే ఉంది కదా. తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం, అదే ఆర్డీఎస్. ఆనకట్ట రాయచూరు జిల్లాలో, నీళ్లు అందాల్సిన 87,500 ఎకరాలు అలంపూర్ వైపు, మధ్యలో మూడు రాష్ట్రాలు. మనకు రాసిపెట్టింది 15.9 టీఎంసీలు, ఎన్నేళ్లు పూర్తిగా వచ్చాయో మీ నడిగడ్డ రైతుల్ని అడిగితే చెప్తారు. చివరి ఆయకట్టు రైతులు ఇరవైమందితో మాట్లాడి, తూము దగ్గర ఏ ఏడు ఏం గొడవైందో రాసుకురండి. అది ఏ విదేశీ ప్రొఫెసర్‌కీ దొరకని సరుకు.

ప్ర: యుద్ధం వస్తే మీకు సంతోషమా సార్? మీ సబ్జెక్టుకి గిరాకీ వస్తది కదా. — పదో తరగతి, అచ్చంపేట

జ: గడుసు ప్రశ్న. గిరాకీ వస్తుంది, కాదనను. 1999 జూన్‌లో నా సెలవు అయిపోయి మహబూబ్‌నగర్‌లో కాలేజీకి తిరిగొచ్చేసరికి కార్గిల్ నడుస్తోంది. ఢిల్లీ నుంచి వచ్చిన మనిషినని లయన్స్ క్లబ్బులూ హైస్కూళ్లూ వరసగా పిలిచాయి, గోడకు మ్యాప్ తగిలించి బెత్తంతో టోలోలింగ్ కొండ చూపిస్తూ తెగ చెప్పాను. అబద్ధం ఎందుకు, ఆ నెల నాకు చాలా బాగుంది.

క్లాసులో మొదటి బెంచీలో ఒక అబ్బాయి ఉండేవాడు, మీ అచ్చంపేట వైపువాడే. అందరూ ప్రశ్నలు అడిగేవాళ్లు, వాడు ఏమీ అడగడు, మ్యాప్ వంక చూస్తూ కూర్చుంటాడు. ఆగస్టులో ఎవరో చెప్పారు, వాళ్లన్న సిపాయి అనీ, ఆ యుద్ధం జరిగిన ద్రాస్‌లోనే ఉన్నాడనీ. ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు, నేను ఆ అంకె బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను, వాడి ముందే.

అక్టోబర్‌లో ఒక ఆదివారం ఆ అన్నదమ్ములిద్దరూ మా ఇంటికొచ్చారు, గంప నిండా సీతాఫలాలు పట్టుకుని. సెలవు మీద వచ్చాడట. నేను ఆత్రంగా అక్కడ ఎలా ఉండేది, ఏం జరిగిందని అడిగాను. "చలి సార్" అన్నాడు. ఇంకేమైనా చెప్తాడేమోనని చూశాను. టీ తాగి, అచ్చంపేటకి ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగాడు.